పాట బయటికి రాకముందే రివ్యూ తెచ్చుకోవడం ఎలా?

ఈ సంచికకి కవిత ఇవ్వమని క్లబ్ వాళ్ళు అడిగారు. నేను కవిత బదులు పాఠం రాస్తున్నాను. ఇది సప్లీ రాసి పాసైన సబ్జెక్టు, కాబట్టి ఎక్కడ తప్పుతామో నాకు బాగా గుర్తుంది.

సెకండియర్‌లో మేం ముగ్గురం కలిసి ఒక పాట చేశాం. నేను రాశాను. మా రూమ్మేట్ గిటార్ వాయించి, ల్యాప్‌టాప్‌లో మిక్స్ చేశాడు. మా బ్యాచ్‌లో బాగా పాడే అమ్మాయి పాడింది. పాట మా అమ్మ మీద. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నా హాస్టల్ ఫీజు ఆ మిషను మీద వచ్చిందే. రాత్రిళ్ళు చూపు ఆనక, సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచేది. పల్లవిలో ఆ సూదే ఉంది.

తలా పదిహేను వందలు వేసుకుని స్టూడియోలో గొంతు రికార్డ్ చేశాం. రిలీజ్‌కి ముందు హాస్టల్‌లో ముప్పై మందికి వినిపించాం. "సూపర్ మామా", "గూస్‌బంప్స్ రా", వరసగా మంట ఎమోజీలు. ఇంకేం కావాలి, రిలీజ్ చేసేశాం.

పది రోజుల తర్వాత ఇంటికెళ్ళి అమ్మకి ఫోన్‌లో వినిపించాను. మిషను ఆపి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొత్తం వింది. "బాగుంది నాన్నా" అంది. కాసేపాగి, "కానీ అమ్మ సోది అంటారేంట్రా? నేనంత సోది చెప్తానా?" అంది.

నేను రాసింది సూది. అమ్మకి వినపడింది సోది. మళ్ళీ విన్నాను. నిజంగా సోదే. హాస్టల్‌కి వచ్చి అడిగితే, ఆ ముప్పై మందిలో ఆరుగురు అలాగే విన్నామన్నారు. "ఏదో కామెడీగా రాశావనుకున్నాం, అడిగితే ఫీలవుతావని ఊరుకున్నాం" అన్నారు.

మా పాటకి వచ్చిన మొదటి నిజమైన రివ్యూ అమ్మది. అది రావాల్సిన టైముకి రాలేదు. తప్పు అమ్మది కాదు, ఆ ముప్పై మందిదీ కాదు. మేం అడగాల్సిన వాళ్ళని, అడగాల్సిన విధంగా, అడగాల్సిన రోజున అడగలేదు. ఈ వ్యాసం ఆ మూడింటి గురించే.

ముందు ఎందుకు?

"అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు" అని సామెత. పాట విషయంలో ఇది అక్షరాలా నిజం. మన కోడ్‌లో బగ్ ఉంటే రేపు సరిచేసి మళ్ళీ పెడతాం. పాట అలా కాదు. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోలో అదే లింకు కింద ఫైలు మార్చడం కుదరదు. తీసేసి మళ్ళీ పెడితే వ్యూస్, కామెంట్లు అన్నీ సున్నా నుంచే. పైగా పాటని మొదటిసారి వినే అవకాశం ఒక మనిషి దగ్గర ఒక్కసారే ఉంటుంది. "సరిచేశాం, మళ్ళీ వినండి" అంటే ఎంతమంది వింటారు? మీరే చెప్పండి.

ఇంకో లెక్క కూడా ఉంది. స్పాటిఫైలో కనీసం 30 సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీమ్ కింద లెక్క. 2024 నుంచి, గత పన్నెండు నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు రాని పాటకి అక్కడ రికార్డింగ్ రాయల్టీ రాదు. అంటే మొదటి అర నిమిషంలో జనం ఎందుకు ఆపేస్తున్నారో రిలీజ్‌కి ముందే తెలుసుకోవడం మనలాంటి వాళ్ళకి చాలా అవసరం.

ఎవరిని అడగాలి?

కాకి పిల్ల కాకికి ముద్దు. మన పాట మనకి ముద్దు, మన గ్యాంగ్‌కి కూడా ముద్దే. అందుకే వినేవాళ్ళని నేను మూడు గుంపులుగా విడదీశాను.

మొదటి గుంపు: పని తెలిసినవాళ్ళు ఇద్దరు. శ్రుతి తప్పితే పట్టేవాళ్ళు, మిక్సింగ్ తెలిసినవాళ్ళు. సంగీతం నేర్చుకున్న సీనియర్ అయినా చాలు.

రెండో గుంపు: ఎలాంటి పాటలు చేస్తున్నామో అలాంటివి రోజూ వినేవాళ్ళు నలుగురు. మెటల్ వినేవాడికి జానపదం వినిపించి "ఎలా ఉంది" అంటే, వాడి జవాబు పాట గురించి ఏమీ చెప్పదు.

మూడో గుంపు: మన మొహమాటం లేనివాళ్ళు నలుగురు. వేరే బ్రాంచి జూనియర్లు, రూమ్మేట్ వాళ్ళ అక్క, మెస్‌లో పనిచేసే అన్న. వీళ్ళకి పాట ఎవరు చేశారో చెప్పకండి. "ఈ పాట విను, ఎక్కడ ఆపేయాలనిపించిందో చెప్పు" అంటే చాలు.

పేరు దాచడం చిన్న చిట్కాలా కనిపిస్తుంది కానీ, మన ఆకాశవాణి దీన్ని ఎప్పటినుంచో పాటిస్తోంది. ఆడిషన్‌లో న్యాయనిర్ణేతలకి పాడేది ఎవరో తెలియకుండా గొంతు మాత్రమే వినిపిస్తారు. బీ, బీ హై, ఏ, టాప్ అనే గ్రేడ్లు అలా వచ్చేవే. మనకి అంత ఏర్పాటు లేకపోయినా, ఫైలు పేరులో మన పేరు తీసేయడం మన చేతిలో పనే.

మొత్తం పదిమంది. ముప్పై మంది అక్కర్లేదు. పదిమందిలో ముగ్గురు ఒకే చోట ఆగితే అక్కడ గుంత ఉన్నట్టే.

ఏమని అడగాలి?

ఇది నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మ జాకెట్టు కుట్టి ఇచ్చేటప్పుడు "బాగుందా?" అని ఎప్పుడూ అడగదు. లోపలికెళ్ళి వేసుకు రమ్మంటుంది. "చెయ్యి పైకెత్తు. చంక దగ్గర పట్టేస్తోందా? వంగు. వీపు మీద లాగుతోందా?" అని అడుగుతుంది. ఎందుకమ్మా అంటే, "బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు. ఇంటికెళ్ళాక బిగుతుగా ఉందనుకుని ఇంకో టైలర్ దగ్గరికి పోతారు" అంది.

"పాట ఎలా ఉంది?" అనేది కూడా అలాంటి ప్రశ్నే. దానికి "బాగుంది" తప్ప ఇంకో జవాబు చెప్పాలంటే అవతలివాళ్ళకి ధైర్యం కావాలి. ధైర్యం అవసరం లేని ప్రశ్నలు మనం తయారుచేసుకోవాలి. నేను వాడేవి ఇవి:

1. ఎన్నో సెకనులో మొదటిసారి మనసు వేరే చోటికి పోయింది?
2. పల్లవి నీకు వినపడినట్టు ఒక కాగితం మీద రాసి ఇస్తావా?
3. విన్న పది నిమిషాలకి ఏ ముక్క గుర్తుంది? హమ్ చెయ్యి.
4. ఏ వాయిద్యం లేకపోయినా పర్లేదనిపించింది?
5. దీని తర్వాత ప్లేలిస్టులో ఏ పాట వేస్తావు?

రెండో ప్రశ్నకి నేను డిక్టేషన్ పరీక్ష అని పేరు పెట్టాను. సాహిత్యం రాసేవాళ్ళకి ఇది తప్పనిసరి. మన తెలుగులో దీర్ఘం మారితే మాట మారిపోతుంది. ట్యూన్ కోసం "పడు"ని సాగదీస్తే "పాడు" అవుతుంది, "కల" సాగితే "కాల" అవుతుంది. రాసినవాడికి ఇది ఎప్పటికీ వినపడదు, ఎందుకంటే మన బుర్ర కాగితం మీద ఉన్న మాటనే వింటుంది.

సూది సోది ఎందుకైందో కూడా తర్వాత తెలిసింది. "ఊ" పలికేటప్పుడు నోటిలో వచ్చే మొదటి ఫార్మెంట్, అంటే మొదటి ప్రతిధ్వని పౌనఃపున్యం, సుమారు 300 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. పాడే స్వరం అంతకన్నా పైకి పోతే "ఊ"ని "ఊ"లా నిలబెట్టడం కష్టం, గాయకులు సహజంగానే నోరు కొంచెం తెరుస్తారు, అది "ఓ" వైపు జరుగుతుంది. మేం ఆ మాటని పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం మీద పెట్టాం. దాని మీద బోలెడంత రివర్బ్ వేశాం. మిగిలిన కాస్త స్పష్టతా పోయింది. సిగ్నల్స్ క్లాసులో నిద్రపోయినందుకు శిక్ష అనుకోండి.

ఐదో ప్రశ్న ఎందుకంటే, వాళ్ళు చెప్పే పాటలే మీ శ్రోతలు ఎవరో చెప్తాయి. తర్వాత బయటివాళ్ళకి మెయిల్ రాసేటప్పుడు అది పనికొస్తుంది.

ఎలా వినిపించాలి?

పక్కన కూర్చుని వినిపించకండి. మన మొహం చూస్తూ ఎవరూ నిజం చెప్పలేరు. ప్రైవేట్ లింకు పంపండి. సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్‌గా పెట్టి లింకు ఇవ్వచ్చు, యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టచ్చు, డ్రైవ్‌లో ఫైలు పెట్టచ్చు. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

స్టూడియో స్పీకర్ల మీద బాగుంటే సరిపోదు. ఫోన్ స్పీకర్, ఇరవై నాలుగ్గంటలూ వాడే చవక ఇయర్‌ఫోన్, కారు లేదా బస్సు, ఈ మూడింటిలో వినమనండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ దాదాపు పోతుంది. మీ పాట బేస్ మీదే నిలబడి ఉంటే అక్కడ కూలిపోతుంది.

రెండు మిక్స్‌లలో ఏది బాగుందో అడిగేటప్పుడు రెండిటి శబ్దం ఒకే స్థాయిలో ఉంచండి. కాస్త గట్టిగా వినపడేది ఎప్పుడూ మెరుగ్గా అనిపిస్తుంది, అది చెవి స్వభావం. స్పాటిఫై కూడా మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. గట్టిగా చేసి గెలుద్దామంటే అక్కడ కుదరదు.

ఇవేవీ కొత్త సంగతులు కావు. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1959లో బెర్రీ గోర్డీ మోటౌన్ సంస్థ మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీ అసెంబ్లీ లైన్‌లో పనిచేశాడు. కార్లకి క్వాలిటీ చెక్ ఉన్నట్టే పాటలకీ పెట్టాడు. శుక్రవారం పొద్దున్నే మీటింగు, పాటలు వినడం, ఓట్లు వేయడం. చేతిలో చివరి డాలర్ ఉంటే ఈ రికార్డు కొంటావా, శాండ్‌విచ్ కొంటావా అనేది అక్కడి ప్రశ్న. కారు రేడియోలో ఎలా ఉంటుందో తెలియడానికి మిక్స్‌లని చిన్న స్పీకర్ మీద కూడా వినేవాళ్ళు. "బాగుందా" కన్నా "శాండ్‌విచ్ మానేసి కొంటావా" ఎంత పదునైన ప్రశ్నో చూడండి.

వచ్చిన మాట ఎలా తీసుకోవాలి?

మొదటి నియమం: వివరణ ఇవ్వకూడదు. "అది కావాలనే అలా పెట్టాం" అన్న క్షణంలో అవతలి మనిషి నోరు మూసుకుంటాడు. "థ్యాంక్స్, రాసుకున్నాను" అనండి. విడుదలయ్యాక ప్రతి శ్రోత పక్కనా కూర్చుని వివరించలేం కదా.

రెండో నియమం: లక్షణాన్ని నమ్మండి, మందుచీటీని అనుమానించండి. "ఇక్కడ బోర్ కొట్టింది" అనేది నిజం, ఎందుకంటే అది వాళ్ళకి జరిగింది. "ఇక్కడ డ్రమ్స్ పెట్టు" అనేది ఒక ఐడియా మాత్రమే.

మూడో నియమం: పాటని అనాలి, మనిషిని కాదు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అమ్మ మాట విని వచ్చిన రోజు నేను మా సింగర్‌తో "నువ్వు సరిగ్గా పలకలేదు" అనేశాను. తను నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత రికార్డింగ్ రోజు వాయిస్ నోట్ ఒకటి పంపింది. అందులో తను స్పష్టంగా అడుగుతోంది: "ఆ మాట సరిగ్గా వినపడుతోందా? పైన కష్టంగా ఉంది." దానికి నా గొంతు: "సూపర్‌గా వస్తోంది, నెక్స్ట్." అందరికన్నా ముందు రివ్యూ ఇచ్చింది తనే. విననిది నేను. వెళ్ళి సారీ చెప్పాను.

నాలుగో నియమం: అందరూ వద్దన్నా ఒక్కోసారి పాటే రైటు. అదే మోటౌన్‌లో మార్విన్ గే 1967లో "ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్" రికార్డ్ చేస్తే, గోర్డీ దాన్ని సింగిల్‌గా వద్దన్నాడు. అదే పాట గ్లాడిస్ నైట్ బృందం గొంతులో ముందు వచ్చింది. 1968లో గే వెర్షన్ ఆల్బమ్‌లో ఒక పాటగా వెళ్తే, రేడియో వాళ్ళు దాన్నే వేయడం మొదలుపెట్టారు. చివరికి సింగిల్‌గా వచ్చి అమెరికా చార్టులో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అంటే రివ్యూ సమాచారం మాత్రమే, తీర్పు మీదే. ముగ్గురికి ఒకే చోట తట్టుకుంటే మార్చండి. ఒక్కరికే తట్టుకుంటే ఆలోచించండి. అందరూ వద్దన్నా మీకు కావాలనిపిస్తే ఉంచండి, కానీ తెలిసి ఉంచండి.

బయటివాళ్ళ రివ్యూ

పాట సరిచేసుకున్నాక, ఇప్పుడు రిలీజ్‌కి ముందే రాసేవాళ్ళకి, వేసేవాళ్ళకి పంపాలి. కాలేజీ మ్యాగజైన్లు, తెలుగు సంగీతం గురించి రాసేవాళ్ళు, యూనివర్సిటీ కమ్యూనిటీ రేడియోలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో "బోల్ హైదరాబాద్" ఉన్నట్టు. మెయిల్ చిన్నగా ఉండాలి. నా నమూనా ఇది:

"నమస్తే అండీ. మేం ముగ్గురం ఇంజనీరింగ్ విద్యార్థులం. వచ్చే నెల ఒక తెలుగు పాట విడుదల చేస్తున్నాం. మీరు ఫలానా పాట గురించి రాసింది చదివాను, మాది ఆ దారిలోనిదే అనిపించి పంపుతున్నాను. నిడివి మూడున్నర నిమిషాలు, లింకు కింద ఉంది, డౌన్‌లోడ్ అక్కర్లేదు. సాహిత్యం కూడా జతచేశాను. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో ఒక్క వాక్యం రాసినా మాకు చాలా ఉపయోగం."

"ఫలానా" దగ్గర నిజంగా చదివి రాయండి. వందమందికి ఒకే మెయిల్ కాపీ చేస్తే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే వారానికి ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. రెండోసారికీ రాకపోతే వదిలేయండి.

డబ్బు కట్టి అభిప్రాయం తీసుకునే సైట్లు కూడా ఉన్నాయి. 2015లో వచ్చిన సబ్‌మిట్‌హబ్, ఫ్రాన్స్‌లో పుట్టిన గ్రూవర్ అలాంటివి. అక్కడ మనం కట్టేది విని జవాబివ్వడానికి. ప్లేలిస్టులో వేస్తారని హామీ కాదు. జవాబులు ఎక్కువగా "మా టేస్ట్ కాదు" అనే ఉంటాయి, గుండె గట్టి చేసుకుని చదవాలి. తెలుగు పాటకి అక్కడ సరిపడే వినికిడి ఉన్నవాళ్ళు తక్కువే దొరుకుతారు, కాబట్టి పాకెట్ మనీ మొత్తం అక్కడ పోయకండి.

"ఐదు వందలకి పదివేల స్ట్రీమ్‌లు" అని ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టేవాళ్ళ జోలికి అసలు పోవద్దు. దొంగ స్ట్రీమ్‌లు దొరికితే స్పాటిఫై వాటిని లెక్కలోంచి తీసేస్తుంది, డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా కూడా వేస్తుంది. పాటే ఎగిరిపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, బాట్ మీకు సూది సోది అయిందని చెప్పదు.

ఆరు వారాల క్యాలెండర్

మొదటి వారం: ఫోన్‌లో పాడిన డెమో, గిటార్ ఒక్కటే. డిక్టేషన్ పరీక్ష ఇప్పుడే పెట్టండి. మాట మార్చడానికి ఇప్పుడైతే రూపాయి ఖర్చు లేదు.
రెండో వారం: రికార్డింగ్, మొదటి మిక్స్.
మూడో వారం: పదిమందికి లింకు, ఐదు ప్రశ్నలు, జవాబుకి నాలుగు రోజుల గడువు.
నాలుగో వారం: సరిచేసిన మిక్స్. ఇది పాతవాళ్ళకి కాదు, మూడో గుంపులో కొత్తగా నలుగురికి. ఫైనల్ అవగానే డిస్ట్రిబ్యూటర్‌కి అప్‌లోడ్.
ఐదో వారం: రాసేవాళ్ళకి మెయిళ్ళు. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పిచ్ పంపండి. ఇది విడుదల కాని పాటకే, ఒకసారికి ఒక్క పాటకే కుదురుతుంది. రిలీజ్‌కి కనీసం 7 రోజుల ముందు పంపితే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లో ఆ పాట వస్తుంది.
ఆరో వారం: విడుదల. ఆ రోజు ఫోన్ పక్కన పెట్టి నిద్రపోండి.

సెమ్ ఎగ్జామ్స్ ఎప్పుడో చూసుకుని ఈ క్యాలెండర్ వేసుకోండి. మేం చూసుకోలేదు, అది ఇంకో పాఠం.

రెండోసారి

థర్డ్ ఇయర్‌లో ఆ పాటనే మళ్ళీ చేశాం. పాతది తీసేశాం, ఉన్న కొద్ది వ్యూసూ పోయాయి. సూది అన్న మాటని కింది స్వరానికి దించాం, అక్కడ రివర్బ్ తగ్గించాం. పదిమందికి డిక్టేషన్ పెడితే తొమ్మిది మంది సూది అనే రాశారు. పదో అతను "సూటి" అని రాశాడు. వాడికి ఇయర్‌ఫోన్ ఒకటే పనిచేస్తోందట.

పదకొండో పరీక్ష ఇంట్లో. అమ్మకి ఏమీ చెప్పలేదు. విని, నీకు వినపడినట్టు రాయమ్మా అన్నాను. కొలతల పుస్తకంలో ఎవరిదో చేతి పొడుగు, నడుము కొలతల కింద పల్లవి నాలుగు లైన్లూ రాసింది. మాట పొల్లుపోలేదు. రాసి, కాసేపు చూసుకుని, "ఇది నా గురించా?" అంది. ఏడాది కిందటి పాట కూడా తన గురించే అని అమ్మకి అప్పటిదాకా తెలియదు.

పాట ఇంకా వెయ్యి స్ట్రీమ్‌లు దాటలేదు. ఇప్పుడు కొత్త పాట డెమో ఒకటి ఉంది. ఈ సంచిక చదివిన వాళ్ళలో మా ముగ్గురి మొహం తెలియని వాళ్ళు నలుగురు కావాలి. బాగుందో లేదో చెప్పక్కర్లేదు. ఎక్కడ పట్టేస్తోందో చెప్తే చాలు.